కాగితంలో ఏముంది? ఏం లేదు?

మన పల్లెల్లో పిల్లలకు చదవటం వస్తోంది. కాదని ఎవరూ అనలేరు. ఏడో తరగతి పిల్లాడి చేతిలో పేపరు పెడితే గడగడా చదువుతాడు. వాళ్ళమ్మ గడపలో నిలబడి మురిసిపోతుంది. మురిసిపోవాల్సిందే. ఆ ఇంట్లోకి అక్షరం రావటానికి ఎన్ని తరాలు పట్టిందో ఆమెకు తెలుసు. కానీ చదవటం అయ్యాక "ఇందులో ఏముందో చెప్పరా" అనండి. మళ్ళీ మొదటి లైను నుంచి గడగడా అందుకుంటాడు. "చదవమనలా, చెప్పమన్నా" అంటే నేల చూస్తాడు.

2022 అసర్ సర్వేలో దేశం మొత్తం మీద గ్రామాల్లోని ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 42.8 శాతం అని తేలింది. ఇలాంటి లెక్క వచ్చినప్పుడల్లా పేపర్లు గగ్గోలు పెడతాయి, అధికారులు సమీక్షలు పెడతారు. పెట్టనివ్వండి. మేం అడిగేది వేరు. ఆ చదవగలిగినవాళ్ళ సంగతేంది? ఆ పరీక్ష ప్రధానంగా చూసేది పిల్లలు బయటికి చదువుతున్నారా లేదా అని. చదివినదాంట్లోంచి ఏం పట్టుకున్నారు, పట్టుకున్నదాన్ని బట్టి ఏం తేల్చుకున్నారు అనేది దాంతో తెలిసేది కాదు. మన బతుకులు నిలబడేదీ కూలేదీ మాత్రం ఆ రెండో దాని మీదే.

ఎందుకంటే మన గుడిసెకు కాగితం ఎప్పుడూ కథగానో పద్యంగానో రాలేదు. పట్టాగా వచ్చింది, నోటీసుగా వచ్చింది, ప్రోనోటుగా వచ్చింది, స్టేషన్లో రాసిన ఫిర్యాదుగా వచ్చింది, సంతకం కోసం తెల్లకాగితంగా కూడా వచ్చింది. వేలిముద్రల రోజుల్లో మన తాతలు మోసపోతే చదువు లేకనే అన్నారు. సంతకాల రోజుల్లో మనం మోసపోతున్నామే, మరి దీనికేం పేరు పెడతారు?

బడిలో దీనికో పాఠం లేకపోలేదు. అపరిచిత గద్యం అంటారు. తెలుగు పరీక్షలో అవగాహన, ప్రతిస్పందన అని భాగమే ఉంది. పుస్తకం రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ తరగతి గదిలోకొచ్చేసరికి అది కిటుకుగా మారిపోయింది. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతుకు, ఆ లైను ఎత్తి రాయి, మార్కు పడుద్ది. అంతే. సాయంత్రం తరగతుల్లో మేము కొందరం టీచర్లం దీని సంగతి చూద్దామని బోర్డు మీద ఒక వాక్యం రాశాం: "గోమలుడు టిక్కిరిని బుడికాడు." దాని కింద ప్రశ్న: "టిక్కిరిని ఎవరు బుడికారు?" పిల్లలందరూ ఒక్క గొంతుతో "గోమలుడు సార్!" టిక్కిరి అంటే ఏందో వాళ్ళకు తెలీదు, మాకూ తెలీదు, అసలా మాటే లేదు. అయినా అందరికీ ఫుల్ మార్కులే. మన పిల్లలకు పడుతున్న మార్కుల్లో ఇట్టాంటివి ఎన్నో లెక్క తీసినవాడు లేడు.

ఇదంతా చెప్తే కొందరు పెద్దమనుషులు చప్పరించేస్తారు. ఆలోచించి రాసే ప్రశ్నలు మీ పిల్లలకు కష్టమండీ, ముందు బట్టీ కొట్టించి గట్టెక్కించండి అని సలహా. సలహా ముసుగేసుకున్న కులం ఇది. ఆనవాలు చూసి సంగతి తేల్చటం మన పిల్లలకు రాదా? మోతుబరి వాకిట్లోకి వస్తున్న తీరు చూసి ఈ పూట కూలి డబ్బులు ఇస్తాడో ఇవ్వడో చెప్పగలిగిన తల్లి కడుపున పుట్టినవాళ్ళు. హోటల్లో గ్లాసు ఎక్కడ పెట్టారో చూసి ఆ ఊరు ఎట్టాంటిదో చెప్పగలరు. చేలో అడుగు చూసి గేదె ఎటు పోయిందో చెప్తారు. ఆ తెలివి వాళ్ళకు ఉంది. పుస్తకం తెరవగానే దాన్ని చెప్పులతో పాటు గది బయట వదలమంటోంది మన బడి. కాగితం మీద కూడా ఆనవాళ్ళుంటాయని ఎవరూ చెప్పలేదు, అంతే తేడా.

మేము పట్టాతో మొదలుపెట్టాం. ఎవరింట్లోదీ కాదు, అదే తీరులో మేం బోర్డు మీద రాసుకున్నది. డి పట్టా. విస్తీర్ణం ఎకరా యాభై సెంట్లు. సర్వే నంబరు, తేదీ, పొందినవారి పేరు, తండ్రి పేరు. హద్దులు నాలుగు: తూర్పు పుంత, దక్షిణం ఇంకొకరి పట్టా భూమి, పడమర పోరంబోకు, ఉత్తరం వాగు. కింద షరతులు: సాగు చేసుకు బతకాలి, వారసులకు వస్తుంది, అమ్మకూడదు.

మొదటి రోజు వివరాలే. ఎంత భూమి? ఎవరి పేరున? ఏ తేదీన? ఏ దిక్కున ఏముంది? పిల్లలు దిక్కులు తప్పారు. పుస్తకంలో పటం మీద ఉత్తరం పైన ఉంటుందని తెలుసు గానీ తమ పల్లెకు ఉత్తరం ఎటో తెలీదు. బయట నిలబెట్టి చూపించాం. రెండో రోజు ఇంకో సంగతి చేర్చాం. ఇప్పుడు ఆ భూమి దగ్గరికి పోతే పుంత నుంచి కొలుచుకుంటూ వస్తే ఎకరా పది సెంట్లకే కంచె వస్తోంది. కంచె అవతల నిమ్మతోట. తోట అవతల వాగు. చెప్పండి, ఏం తెలుస్తోంది?

"మన భూమి తినేశారు" అని ఒకడు లేచాడు. క్లాసంతా చప్పట్లు. మాకూ కొట్టాలనిపించింది. కానీ అసలు పాఠం ఇక్కడే ఉంది. నువ్వు చెప్పినదాంట్లో కాగితంలో ఉన్నదెంత, నువ్వు కలుపుకున్నదెంత అని అడిగాం. కాగితంలో ఉన్నది: ఉత్తరం హద్దు వాగు. చూసింది: వాగుకూ మనకూ మధ్య తోట. ఈ రెండూ కలిస్తే తేలేది: కాగితానికీ నేలకూ పొత్తు కుదరటం లేదు, నలభై సెంట్లు తేడా. ఇక్కడి దాకా ఎవడూ కాదనలేడు. "తినేశారు" అనాలంటే ఇంకా ఆనవాళ్ళు కావాలి. వాగు దారి మారి ఉండొచ్చు. తాత కౌలుకిచ్చి ఉండొచ్చు. సర్వేలోనే తప్పు ఉండొచ్చు. మరి ఏ కాగితం చూస్తే తెలుస్తుంది? ఒక పిల్ల "కొలత పటం చూడాలి" అంది. ఎఫ్ఎంబీ అన్నమాట. ఇంకొకడు "అడంగల్లో ఏ ఏడు ఎవరి సాగు రాశారో చూడాలి" అన్నాడు. వాళ్ళ నాన్న ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడని మాకు తెలుసు.

అప్పుడు షరతుల దగ్గరికొచ్చాం. తోట ఆసామి "మీ తాతే నాకు అమ్మాడు" అన్నాడనుకోండి. అది విని మన పెద్దోళ్ళు ఎన్ని ఊళ్ళలో తలొంచుకుని వెనక్కొచ్చారో. పిల్లలు కాగితం మళ్ళీ చదివారు. అమ్మకూడదని ఉంది కదా. మరి కొన్నానని వాడే చెప్తే ఏమైనట్టు? కొనకూడనిది కొన్నట్టు తన నోటితోనే ఒప్పుకున్నట్టు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1977లో చేసిన అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం, అంటే ఆ ఏటి 9వ నంబరు చట్టం, చెప్పింది ఇదే. పేదవాడికిచ్చిన భూమిని అమ్మినా కొన్నా చెల్లదు. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ చట్టాన్ని సవరించి ఇరవై ఏళ్ళ లెక్క తెచ్చింది గనక ఇప్పుడు పట్టా మీది తేదీ కూడా ప్రాణం లాంటిదే. మొదటి రోజు "తేదీ ఎందుకు సార్" అని విసుక్కున్నవాడే రెండో రోజు తేదీ కోసం వెతికాడు.

వివరం, దాని నుంచి తేల్చటం అంటే మేం చెప్పేది ఇదీ. ఏముంది, ఎక్కడుంది, దాన్ని బట్టి ఏం తెలుస్తోంది, నీ ఆధారమేంది, ఇంకేం కావాలి. "అనిపిస్తోంది" అన్న ప్రతివాడినీ "ఏ మాట చూసి అనిపించింది, వేలు పెట్టి చూపించు" అనాలి. వేలు పెట్టలేకపోతే తప్పని కాదు, ఇంకా తేలలేదని.

ఇదే పని అంబేడ్కర్ రాసినదాంతో చేస్తే ఎట్టా ఉంటుందో చెప్తాం. ఆయన ఇంగ్లీషులో రాసిపెట్టుకున్న చిన్న పుస్తకం ఒకటుంది, 'వెయిటింగ్ ఫర్ ఏ వీసా'. 1990లో అచ్చయింది. అందులో 1901లో తన చిన్నతనపు ప్రయాణం చెప్తారు. అన్నతో, అక్క కొడుకులతో కలిసి సతారా నుంచి తండ్రి దగ్గరికి బయల్దేరారు. మసూరు స్టేషన్లో దిగారు. తండ్రి రాలేదు. పిల్లల మీద కొత్త బట్టలు, మంచి టోపీలు. స్టేషన్ మాస్టరు బ్రాహ్మణ పిల్లలనుకుని ప్రేమగానే పలకరించాడు. మహార్లమని చెప్పగానే మొహం మారిపోయింది. బండివాళ్ళు రెట్టింపు ఇస్తామన్నా ఎక్కించుకోలేదు. చివరకు ఒకడు ఒప్పుకున్నాడు. రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడిచొస్తాడు. దారిలో చద్దిమూట ఉంది, తాగటానికి నీళ్ళు లేవు. సుంకం గుడిసె దగ్గర ముస్లింలమని చెప్పుకున్నా నీళ్ళు పుట్టలేదు.

దీన్ని తెలుగులో చెప్పి, ముక్కలుగా రాయించి, పిల్లల ముందు పెట్టాం. మేం చాలావరకు నోరు మూసుకున్నాం. అడిగింది ఒక్కటే: రాసినాయన చెప్పకుండా వదిలినవి, మీకు తెలిసినవి చెప్పండి.

ఒకడు అన్నాడు, బట్టలు చూస్తే కులం తెలీదు సార్, చెప్తేనే తెలిసింది. ఇంకొకడు, బండివాడికి డబ్బులకు మైల లేదు, మనిషికే మైల. ఒక పిల్ల చాలాసేపు ఆలోచించి, ఎద్దుల పగ్గం వీళ్ళ చేతుల్లోనే ఉంది కదా సార్, ఎద్దులకు మైల అంటలేదా అంది. ఎక్కడా రాయని మాట అది. కానీ ప్రతి ముక్కకూ ఆధారం పేజీలోనే ఉంది. పండితులు పెద్ద పెద్ద గ్రంథాల్లో తేల్చలేక తంటాలు పడిన సంగతి ఎనిమిదో తరగతి మాదిగ పిల్ల ఎద్దు పగ్గం పట్టుకుని తేల్చేసింది.

మేం కూడా ఒకటి చూపించాం. తండ్రి అక్కడ చేస్తున్నదేంది? క్యాషియర్ ఉద్యోగం. దేనికి? కరువొస్తే జనానికి పని కల్పించటానికి సర్కారు తవ్విస్తున్న చెరువుకి. చెరువు తవ్వకానికి డబ్బు లెక్క రాసేవాడి పిల్లలకు దారిలో గుక్కెడు నీళ్ళు దొరకలేదు. రెండు వివరాలు రెండు చోట్ల ఉన్నాయి. పక్కపక్కన పెట్టేవరకూ ఎవరికీ కనపడలేదు. పెట్టగానే గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం.

ఇప్పుడు మన ఇంటి సంగతి ఒకటి అడుగుతాం, కోపం తెచ్చుకోవద్దు. ఏప్రిల్ 14న విగ్రహం దగ్గర పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పిస్తున్నాం కదా, అవి ఏంది? ఎవరో పెద్దాయన రాసిచ్చిన నాలుగు పేరాలు. పిల్ల కళ్ళు మూసుకుని అప్పజెప్తుంది. మధ్యలో ఒక మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. దిగొచ్చాక "మహద్ చెరువు ఎందుకు ముఖ్యం" అంటే తెలీదు. 1923లోనే బొంబాయి శాసనమండలి సర్కారు చెరువులు, బావులు అందరికీ తెరవాలని తీర్మానం చేసింది. మహద్ పురపాలక సంఘం కూడా ఒప్పుకుంది. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్ జనాన్ని తీసుకెళ్ళి తాగేదాకా ఆ నీళ్ళు మనవి కాలేదు. కాగితంలో ఉంది, నేల మీద లేదు. పట్టా పాఠం చదివిన పిల్ల ఇది చిటికెలో పట్టుకుంటుంది. అప్పజెప్పే పిల్ల పట్టుకోలేదు. అర్థం అడక్కుండా వల్లె వేయించటం ఎవరి చదువు? వేదం వల్లించినవాళ్ళది. దాన్ని తెచ్చి అంబేడ్కర్ మీద పెడితే ఆయన కూడా ఇంకో మంత్రం అయిపోతాడు. మన పాస్టర్లు సండే స్కూల్లో కంఠత వాక్యం చెప్పిస్తారు. దాని వల్ల మన పల్లెల్లో అక్షరం నిలబడింది, ఆ మేలు మరవలేం. అక్కడే ఆగిపోవటమే బాధ.

పేపరు చదవటం ఇంకో సంగతి. మన మీద దాడి జరిగినప్పుడల్లా ఎక్కువసార్లు కనిపించే మాట 'ఘర్షణ'. ఇరువర్గాలు, ఉద్రిక్తత, పరిస్థితి అదుపులో ఉంది. పెద్ద పిల్లలకు మేం ఈ మాటలే ఇచ్చి, కింద చుండూరు వివరాలు రాశాం. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది చనిపోయారు, ఎనిమిది మందీ దళితులే. కొన్ని శవాలు గోతాల్లో కట్టి కాలువలో దొరికాయి. ఇది ఘర్షణా? ఒక కుర్రాడు అన్నాడు: కొట్టుకుంటే ఇద్దరికీ దెబ్బలుంటాయి. కొట్టుకునేవాడు గోతం తెచ్చుకోడు. అంతకన్నా ఏం చెప్పాలి? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు చనిపోయిన సంగతి కూడా ఇట్టాగే చదివించాలి. చెరువు దగ్గర నీళ్ళ గొడవతో మొదలైందని చెప్పి వదిలేస్తే లాభం లేదు. నీళ్ళ దగ్గర మాట మాటా అనుకున్నది ముందు రోజు. దాడి మరునాడు. మధ్యలో ఒక రాత్రి ఉంది. ఆ రాత్రి ఏం చెప్తోందో పిల్లలనే అడగండి.

చుండూరు కేసులో ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న తీర్పు చెప్పింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష. దాడి తేదీకీ తీర్పు తేదీకీ తీసివేత చేయించాం: పదహారేళ్ళకు ఆరు రోజులు తక్కువ. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. "అంటే ఎవరూ చంపకుండానే ఎనిమిది మంది చచ్చిపోయారా సార్?" అని అడిగారు. కడుపు రగిలి అడిగిన ప్రశ్నే. అయినా తీర్పు ఏం చెప్పిందో అదే చదవాలి. చంపలేదని చెప్పలేదు. రుజువు కాలేదని చెప్పింది. చావు సమయం, జరిగిన చోటు, కొట్టినవాళ్ళెవరో ప్రాసిక్యూషన్ నిలబెట్టలేకపోయిందంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు. మూడో తరగతి వాచకం కింద ఉండే ప్రశ్నలే ఇవి! ప్రాణాలు చేతబట్టుకుని చేలకడ్డంపడి పరిగెత్తుతున్న మనిషిని గడియారం చూసుకున్నావా అని అడిగే న్యాయం మీద మనకు చెప్పాల్సింది చాలా ఉంది. అప్పీళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. కానీ పోరాటం ఒక పక్క, ఈ సంగతి ఇంకో పక్క: వివరం అనేది వాళ్ళ చేతిలో కత్తి. మన చేతిలోనూ ఉండాలి.

చట్టం కూడా ఈ మాటే ఇంకోరకంగా చెప్తోంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. నాలుగో సెక్షన్ తీసి చదవండి. బాధితులు నోటితో చెప్పింది స్టేషన్ అధికారి రాసుకున్నాక, సంతకం తీసుకోకముందే చదివి వినిపించాలి. నకలు వెంటనే చేతికివ్వాలి. దళితుడో గిరిజనుడో కాని అధికారి కావాలని ఈ పని ఎగ్గొడితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష. ఎంతమంది మన నాయకులకు ఈ సంగతి తెలుసో గానీ, ఎంతమంది చదివించుకుని సంతకం పెట్టారో మాత్రం మేం చెప్పగలం. వేళ్ళ మీద లెక్క.

చదివి వినిపించినా సరే, వినేవాడికి వినటం రావాలి. దీనికి మేం ఒక ఆట పెట్టాం. ఒక పిల్ల జరిగిందేదో చెప్తుంది. రెండో పిల్ల రాస్తుంది. రాసేవాళ్ళకు ముందే చెవిలో చెప్తాం, రెండు వివరాలు కావాలని మార్చి రాయమని. మూడో పిల్ల చదువుతుంది. మొదటి పిల్ల పట్టుకోవాలి. మొదట్లో ఎవరూ పట్టుకోలేదు. "పదిమంది ముందు తిట్టాడు" అన్నది కాగితంలో "తిట్టాడు" అయింది. ఆ పదిమంది ఎటు పోయారు? నలుగురికీ కనిపించే చోట అన్నది తేలకపోతే కులం పేరుతో తిట్టిన కేసు నిలవదు. ఆ రెండు మాటల్లోనే కేసంతా ఉంది. వారం తిరిగేసరికి తల్లులు కూడా వచ్చి కూర్చున్నారు. తల్లులు పిల్లలకన్నా ముందు పట్టుకున్నారు. ఒకామె అయితే చదువుతున్నదాన్ని మధ్యలోనే ఆపి "నేనట్టా అన్లా" అంది.

ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ తెలుగు కాగితాలెందుకు అని కొందరు కుర్రాళ్ళ వాదన. ఇంగ్లీషు వద్దనేవాళ్ళతో మేం లేము. వాళ్ళ పిల్లలు ఏ బడిలో ఉన్నారో చూసుకుని మాట్లాడమనండి. ఇంగ్లీషు కావాలి, గట్టిగా కావాలి. కానీ తెలుగులో లైను ఎత్తిరాసే పిల్లాడు ఇంగ్లీషులో కూడా లైనే ఎత్తిరాస్తాడు. ఆనవాలు పట్టటం ఒక భాషలో వస్తే రెండో భాషలోకి అదే నడిచొస్తుంది.

ఇంకోటి. ఈ పత్రికను కూడా పిల్లలకు ఇట్టాగే చదివించండి. మేం రాసిన తేదీలు సరైనవా, మేం దాటేసినవి ఏంటి, ఎక్కడ ఆధారం చూపించాం, ఎక్కడ గొంతు పెంచి సరిపెట్టాం అని అడగమనండి. మనవాళ్ళు రాశారు గనక నిజమే అనుకునే పిల్లాడు రేపు వాళ్ళ పేపరునూ అట్టాగే నమ్ముతాడు.

సంఘాల వాళ్ళకు మా మనవి ఒక్కటే. వచ్చే జయంతికి ఉపన్యాసాల పోటీ పక్కన ఇంకో పోటీ పెట్టండి. ఒక జీవో పేజీ గానీ, రేషన్ షాపు ముందు స్టాకు బోర్డు రాతగానీ, మండలాఫీసు నోటీసు గానీ ఇచ్చి అరగంట టైమివ్వండి. అందులో ఏముందో, దాన్ని బట్టి ఏం తేలుతుందో, ఏం రాయకుండా వదిలారో చెప్పినవాళ్ళకు బహుమతి. గిన్నెలూ గ్లాసులూ వద్దు, డిక్షనరీ ఇవ్వండి. పల్లెలో పాత కాగితాలున్నవాళ్ళు సాయంత్రం తరగతికి పిల్లల చేత పంపండి. పట్టాలు, పాస్ పుస్తకాలు, రసీదులు, చిరిగినవైనా పర్లేదు. జిరాక్సు మాత్రమే పంపండి. అసలు కాగితం ఇంట్లో పెట్టె దాటి బయటికి రావొద్దు, టీచరు అడిగినా సరే.